త్రికోణమితి విలువలు బట్టీ లేకుండా ఎలా రాబట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. త్రికోణమితి మొదలుపెట్టిన వారంలో ఏ బ్యాచ్‌లోనైనా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. వాటికి నేను చెప్పే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. చదివేటప్పుడు పక్కన కాంపాస్ బాక్సు, పెన్సిలు, రెండు తెల్ల కాగితాలు పెట్టుకోండి, వాటితో పని ఉంది. క్లాసులో పలికే సైన్, కాస్, ట్యాన్, కాట్, సెక్, కొసెక్ అన్న పేర్లే ఇక్కడా వాడుతున్నాను. లంబకోణ త్రిభుజంలో ఒక కోణానికి ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్, ఆసన్న (పక్కనున్న) భుజాన్ని కర్ణంతో భాగిస్తే కాస్, ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే ట్యాన్.

"ఖచ్చితమైన విలువ" అంటే ఏమిటి? కాలిక్యులేటర్ చెప్పేది ఖచ్చితం కాదా?

ఫోన్‌లో సైన్ 60° నొక్కితే 0.8660254 అని మొదలై తెర పట్టినన్ని అంకెలు వస్తాయి. అవి అక్కడితో అయిపోయినట్టు కనిపిస్తాయి కానీ, అయిపోవు. √3 కరణీయ సంఖ్య. దాని దశాంశాలకు అంతం ఉండదు, ఒకే వరస మళ్లీ మళ్లీ రావడమూ ఉండదు. అందుకే ఆ విలువను పూర్తిగా రాయాలంటే √3/2 అని రాయడమొక్కటే దారి. √3/2ను వర్గం చేస్తే సరిగ్గా 3/4 వస్తుంది. 0.866ను వర్గం చేస్తే 0.749956 వస్తుంది.

√3/2 దగ్గర ఆపేస్తే లెక్క సగంలో వదిలేసినట్టు అనుకుని, మార్కులు పోతాయేమోనన్న భయంతో చాలామంది దశాంశంలోకి మార్చేస్తారు. అక్కర్లేదు. అదే పూర్తి జవాబు. ప్రశ్నలో √3 = 1.732 తీసుకోమని ఇస్తేనే మార్చండి, అదీ చివరి మెట్టులోనే.

అంత చిన్న తేడాకు ఏమైపోతుంది?

ఒక లెక్క చేసి చూద్దాం. నేల మీద ఒక చోట నిలబడి చూస్తే సెల్ టవర్ కొన 30° ఊర్ధ్వకోణంలో కనిపించింది. టవర్ వైపు 40 మీటర్లు నడిచి చూస్తే 60° అయింది. టవర్ ఎత్తెంత?

రెండో చోటు నుంచి టవర్ మొదలు వరకు ఉన్నదాన్ని "దూరం" అందాం. ట్యాన్ 60° ప్రకారం ఎత్తు = దూరం × √3. మొదటి చోటు నుంచి ట్యాన్ 30° ప్రకారం ఎత్తు = (దూరం + 40) ÷ √3. రెండూ ఒకే ఎత్తు కాబట్టి 3 × దూరం = దూరం + 40. దూరం 20 మీటర్లు, ఎత్తు 20√3 మీటర్లు, అంటే సుమారు 34.64. గమనించారా, మధ్యలో రెండు √3లు గుణించుకుని చక్కగా 3 అయిపోయాయి.

అదే మొదట్లోనే √3 బదులు 1.7, 1/√3 బదులు 0.58 పెట్టి చేయండి. దూరం 20.71, ఎత్తు 35.2 వస్తాయి. అర మీటరు పైగా తేడా! చూసిన కోణాల్లో తప్పు లేదు, నడిచిన దూరంలో తప్పు లేదు. తొందరపడి దశాంశంలోకి దిగడమే తప్పు.

ఈ లెక్కకు నాకు ఇంకా ఇష్టమైన దారి ఒకటుంది. మనం నిలబడ్డ రెండు చోట్లనూ టవర్ కొననూ కలిపితే వచ్చే త్రిభుజం కోణాలు 30°, 120°, 30°. రెండు కోణాలు సమానం కాబట్టి అది సమద్విబాహు త్రిభుజం. అంటే రెండో చోటు నుంచి టవర్ కొనకు ఉన్న ఏటవాలు దూరం కూడా 40 మీటర్లే. ఎత్తు = 40 × సైన్ 60° = 20√3. సమీకరణమే అక్కర్లేదు.

అసలు 30, 45, 60 విలువలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

మీ కాంపాస్ బాక్సులోంచి. అందులో రెండు మూలమట్టాలు ఉంటాయి. చాలామంది పిల్లలు ఏడాదంతా వాటిని బయటికే తీయరు. పట్టికలో ఉన్న విలువలన్నీ ఆ రెండు ప్లాస్టిక్ ముక్కల్లోనే ఉన్నాయి.

ముందు పొడుగ్గా ఉన్నదాన్ని తీయండి. దాని కోణాలు 30°, 60°, 90°. కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి. (దాని మీద అచ్చువేసిన స్కేలు మూల దగ్గర సున్నాతో మొదలవదు, అందుకే గీసిన బొమ్మనే కొలవాలి.) ఇప్పుడు మధ్యస్థంగా ఉన్న భుజాన్ని కదలకుండా ఉంచి, మూలమట్టాన్ని పుస్తకంలో పేజీ తిప్పినట్టు అటువైపు తిరగేసి మళ్లీ గీయండి. రెండు బొమ్మలూ కలిసి ఒక పెద్ద త్రిభుజం అయింది. దాని మూడు కోణాలు చూడండి: కింద రెండు 60°లు, పైన 30 + 30, అదీ 60°. అంటే సమబాహు త్రిభుజం. మూడు భుజాలూ సమానం కాబట్టి కింది భుజం కర్ణానికి సమానం. ఆ కింది భుజమేమో రెండు పొట్టి భుజాలు కలిసి ఏర్పడింది. కాబట్టి పొట్టి భుజం కర్ణంలో సరిగ్గా సగం.

సైన్ 30° = 1/2 అన్నది ఈ ఒక్క మాటే. 30°కి ఎదురుగా ఉన్నది పొట్టి భుజం, కర్ణం దానికి రెట్టింపు.

పొట్టి భుజం 1, కర్ణం 2 అనుకుంటే పైథాగరస్ ప్రకారం మూడో భుజం √(4 − 1) = √3. ఇక 1, √3, 2 మీ చేతిలో ఉన్నాయి. 60° వైపు నుంచి చూస్తే ఎదుటి భుజం √3, ఆసన్న భుజం 1. సైన్ 60° = √3/2, కాస్ 60° = 1/2, ట్యాన్ 60° = √3. 30° వైపు నుంచి చూస్తే కాస్ 30° = √3/2, ట్యాన్ 30° = 1/√3. స్కేలుతో సరిచూడాలనుకుంటే, పొట్టి భుజం 7 సెంటీమీటర్లు వచ్చిన మూలమట్టానికి కర్ణం 14, మూడో భుజం 12.1 దగ్గర రావాలి.

రెండో మూలమట్టం 45°, 45°, 90°. రెండు పక్క భుజాలూ సమానం. ఒక్కోటి 1 అయితే కర్ణం √2. సైన్ 45° = కాస్ 45° = 1/√2, ట్యాన్ 45° = 1.

0°కీ 90°కీ త్రిభుజమే ఉండదు కదా, వాటి విలువలు ఎలా?

మంచి ప్రశ్న. లంబకోణ త్రిభుజంలో ఇంకో 90° పట్టదు, 0° పెడితే త్రిభుజం గీతగా మారిపోతుంది. ఇక్కణ్ణుంచి వృత్తంలోకి రావాలి.

జాతరలో జెయింట్ వీల్ గుర్తు చేసుకోండి. దాని వ్యాసార్ధం 1 అనుకుందాం. కేంద్రానికి సరిగ్గా కుడివైపున ఉన్న తొట్టిలో మీరు కూర్చున్నారు. చక్రం గడియారం ముళ్లు తిరిగేదానికి ఎదురు దిశలో, అంటే అపసవ్య దిశలో తిరుగుతోంది. ఎంత కోణం తిరిగినా సరే, కేంద్రం నుంచి మీరు ఎంత ఎత్తున ఉన్నారో అది సైన్. కుడికి ఎంత దూరాన ఉన్నారో అది కాస్. బయల్దేరక ముందు ఎత్తు 0, కుడికి దూరం 1. కాబట్టి సైన్ 0° = 0, కాస్ 0° = 1. పావు చుట్టు తిరిగి పైకొచ్చాక ఎత్తు 1, కుడికి దూరం 0. సైన్ 90° = 1, కాస్ 90° = 0.

ఈ చక్రం బొమ్మ బాగా మనసులో పెట్టుకోండి, 90° దాటాక అంతా దీనితోనే పని.

పట్టిక గుర్తుపెట్టుకోవడానికి చిట్కా ఉందా?

వేళ్ల చిట్కా చాలామందికి తెలిసే ఉంటుంది. చిటికెన వేలు 0°, ఉంగరపు వేలు 30°, మధ్య వేలు 45°, చూపుడు వేలు 60°, బొటనవేలు 90°. కావలసిన కోణం వేలు మడవండి. చిటికెన వేలి వైపు మిగిలిన వేళ్లు లెక్కపెట్టి, వర్గమూలం కిందపెట్టి, 2తో భాగిస్తే సైన్. బొటనవేలి వైపు లెక్కపెడితే కాస్. చూపుడు వేలు మడిస్తే చిటికెన వైపు మూడు, బొటన వైపు ఒకటి: √3/2, 1/2.

అంటే సైన్ విలువలు వరసగా √0/2, √1/2, √2/2, √3/2, √4/2. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పరీక్ష హాల్లో పనికొస్తుంది కూడా. కానీ ముందు మూలమట్టాలతో రాబట్టడం వచ్చాకే ఈ చిట్కా నేర్పుతాను. వేళ్లు అయిదే ఉన్నాయి. 15° అడిగితే చేయి ఏమీ చెప్పదు, త్రిభుజం చెబుతుంది.

1/√2 రాయాలా, √2/2 రాయాలా?

రెండూ ఒకటే. లవాన్నీ హారాన్నీ √2తో గుణిస్తే ఒకటి రెండోది అవుతుంది. హారంలో వర్గమూలం ఉండకూడదనే అలవాటు చేత్తో భాగహారం చేసే రోజుల నుంచి వచ్చింది. 1ని 1.414తో భాగించడం కష్టం, 1.414ను 2తో భాగించడం తేలిక. ఇప్పుడు ఏది రాసినా తప్పు కాదు. ఆబ్జెక్టివ్ పరీక్షల్లో మాత్రం మీ జవాబు 1/√3 అయితే ఆప్షన్లలో √3/3 అని ఉండొచ్చు. "నా జవాబు లేదే" అని కంగారుపడకుండా మార్చి చూసుకోండి.

సైన్ 30° = కాస్ 60° ఎలా అయింది? యాదృచ్ఛికమా?

కాదు. లంబకోణ త్రిభుజంలో మిగతా రెండు కోణాలూ కలిస్తే 90°. ఒక కోణానికి ఎదుటి భుజమే రెండో కోణానికి ఆసన్న భుజం. కాబట్టి ఒకదాని సైన్ రెండోదాని కాస్ అయి తీరాలి. పేరులోనే ఉంది, కొసైన్ అంటే పూరక కోణపు సైన్. ట్యాన్‌కు కాట్, సెక్‌కు కొసెక్ అలాగే. "ట్యాన్ 1° × ట్యాన్ 2° × … × ట్యాన్ 89° ఎంత?" అన్న ప్రశ్న దీని మీదే వస్తుంది. ట్యాన్ 89° అంటే కాట్ 1°, ట్యాన్ 1°తో గుణిస్తే 1. అలా జతలన్నీ 1 అవుతాయి, మధ్యలో ఒంటరిగా మిగిలిన ట్యాన్ 45° కూడా 1. జవాబు 1.

ట్యాన్ 90° అనంతం అని రాయొచ్చా?

"నిర్వచితం కాదు" అని రాయండి. ట్యాన్ అంటే సైన్‌ను కాస్‌తో భాగించడం, కాస్ 90° సున్నా, సున్నాతో భాగించలేం. పాత నోట్సుల్లో అనంతం గుర్తు కనిపిస్తుంది. అదెందుకు పూర్తిగా సరికాదో చూడండి: ట్యాన్ 89° సుమారు 57.29, ట్యాన్ 89.9° సుమారు 573. అలా పెరుగుతూ పోతుంది, నిజమే. కానీ 90° దాటి 90.1° దగ్గర చూస్తే అది సుమారు −573. ఒకవైపు నుంచి వస్తే పైకి, ఇంకోవైపు నుంచి వస్తే పాతాళానికి. ఆ చోట ఒక్క విలువ అని ఏదీ చెప్పలేం.

కాట్, సెక్, కొసెక్ విడిగా నేర్చుకోవాలా?

వద్దు. ట్యాన్‌ను తిరగేస్తే కాట్, కాస్‌ను తిరగేస్తే సెక్, సైన్‌ను తిరగేస్తే కొసెక్. సెక్ 60° = 2, కొసెక్ 45° = √2, కాట్ 30° = √3. "సె" సైన్‌తో పోతుందనుకోవడం ఒక్కటే ఇక్కడ అందరూ చేసే పొరపాటు. సెక్ జత కాస్.

సైన్ 60° అంటే 2 × సైన్ 30° కాదా?

కాదు. 2 × 1/2 = 1, సైన్ 60° ఏమో √3/2. జెయింట్ వీల్‌లో మొదటి 30° తిరిగేసరికే సగం ఎత్తు ఎక్కేస్తారు. మిగతా సగం ఎక్కడానికి ఇంకో 60° తిరగాలి. పైకి వెళ్లేకొద్దీ చక్రం మిమ్మల్ని పక్కకే ఎక్కువ జరుపుతుంది. కోణం రెట్టింపైతే ఎత్తు రెట్టింపు అవదు.

120°, 225°, 330° లాంటి పెద్ద కోణాలకు ఎలా?

ఇక్కడే ఇంటర్ పిల్లలు ఎక్కువ తడబడతారు, నిజానికి కొత్తగా నేర్చుకునే విలువ ఒక్కటీ లేదు. రెండే పనులు. ఒకటి, ఆ కోణం గీత ఎక్స్ అక్షంతో చేసే లఘుకోణం ఎంతో చూడటం. రెండు, గుర్తు పెట్టడం.

లఘుకోణం కోసం ఎప్పుడూ దగ్గర్లోని 180° నుంచో 360° నుంచో లెక్కపెట్టండి. 120° అంటే 180కి 60 తక్కువ. 225° అంటే 180కి 45 ఎక్కువ. 330° అంటే 360కి 30 తక్కువ. 90, 270ల నుంచి లెక్కపెడితే సైన్ కాస్‌గా, కాస్ సైన్‌గా మారిపోతాయి. ఆ దారీ సరైనదే, కానీ మొదట్లో దాని జోలికి పోకండి.

గుర్తుకు మన దగ్గర అందరూ చెప్పే మాట "ఆల్ సిల్వర్ టీ కప్స్". మొదటి పాదంలో అన్నీ ధనాత్మకం, రెండో పాదంలో సైన్, మూడో పాదంలో ట్యాన్, నాలుగో పాదంలో కాస్. ఆ మాట మర్చిపోయినా నష్టం లేదు. రెండో పాదంలో మీరు కేంద్రానికి పైన, ఎడమవైపు ఉన్నారు. పైన ఉన్నారు కాబట్టి సైన్ ధనాత్మకం, ఎడమకు పోయారు కాబట్టి కాస్ రుణాత్మకం. మూడో పాదంలో కిందా, ఎడమా. రెండూ రుణాత్మకం, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ట్యాన్ ధనాత్మకం.

ఇప్పుడు చేయండి. సైన్ 120° = సైన్ 60° = √3/2. కాస్ 120° = −1/2. సైన్ 225° = −1/√2. ట్యాన్ 225° = 1. కాస్ 330° = √3/2. సైన్ 330° = −1/2.

765°, −30° అని ఇస్తే?

360 దాటితే చక్రం పూర్తి చుట్లు తీసేయండి. 765 − 720 = 45, కాబట్టి సైన్ 765° = 1/√2. రుణ కోణం అంటే చక్రం అటువైపు తిరిగింది. ఎత్తు గుర్తు మారుతుంది, పక్కదూరం మారదు. సైన్ (−30°) = −1/2, కాస్ (−30°) = √3/2.

రేడియన్లలో ఇస్తే గందరగోళం అయిపోతున్నాం.

రేడియన్ అంటే డిగ్రీలాగే కోణానికి ఇంకో కొలత. పై (π) రేడియన్లు అంటే 180°, ఈ ఒక్కటి చాలు. పై/6 అంటే 180/6 = 30°. పై/4 45°, పై/3 60°, పై/2 90°. 5పై/6 అంటే అయిదు 30లు, 150°. కొన్నాళ్లు మార్చుకుంటూ చేయండి, తర్వాత సైన్ పై/3 చూడగానే √3/2 దానంతటదే తడుతుంది.

కాలిక్యులేటర్‌లో సైన్ 30 కొడితే −0.988 వస్తోంది. పాడైందా?

పాడవలేదు, రేడియన్ మోడ్‌లో ఉంది. అది 30 డిగ్రీలు కాదు, 30 రేడియన్లు అనుకుంది. డిగ్రీ మోడ్‌లోకి మార్చండి. కాలిక్యులేటర్ ముట్టుకున్న ప్రతిసారీ ముందు సైన్ 30 కొట్టి 0.5 వస్తోందో లేదో చూసుకునే అలవాటు చేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

15°, 75°, 22.5° విలువలు సూత్రం లేకుండా వస్తాయా?

వస్తాయి, ఇది నాకు చెప్పడానికి చాలా ఇష్టమైన భాగం.

పొడుగు మూలమట్టం బొమ్మ మళ్లీ గీయండి: నిలువు భుజం 1, అడ్డ భుజం √3, కర్ణం 2. అడ్డ భుజం చివర 30° కోణం ఉంది. ఆ మూల నుంచి అడ్డ గీతను బయటికి ఇంకో 2 యూనిట్లు పొడిగించండి, అంటే కర్ణం ఎంతుందో అంత. కొత్త చివర నుంచి పైకొనకు గీత కలపండి. ఇప్పుడు ఏర్పడిన సన్నటి త్రిభుజంలో రెండు భుజాలు 2, 2. సమద్విబాహు కాబట్టి ఆ రెండు కోణాలూ సమానం. వాటి మొత్తం బాహ్యకోణం 30°కి సమానం. అంటే ఒక్కోటి 15°!

ఇప్పుడు పెద్ద లంబకోణ త్రిభుజం చూడండి. ఎదుటి భుజం 1, ఆసన్న భుజం 2 + √3. ట్యాన్ 15° = 1/(2 + √3) = 2 − √3. తిరగేస్తే ట్యాన్ 75° = 2 + √3.

ఇదే పని 45° మూలమట్టంతో చేయండి. అడ్డ భుజం 1, దాన్ని √2 పొడిగించండి. ట్యాన్ 22.5° = 1/(1 + √2) = √2 − 1, అంటే 0.414. దీన్ని కాగితంతోనూ చూడొచ్చు. 10 సెంటీమీటర్ల చదరపు కాగితం తీసుకుని, ఒక మూల దగ్గర కింది అంచు సరిగ్గా కర్ణం మీదికి వచ్చేలా మడవండి. మడత గీత ఎదుటి అంచును కింది నుంచి 4.14 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే 4.1 దాటి కనిపిస్తుంది. √2 − 1 అన్నది కాగితం మడతలో కనబడితే పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

సైన్ 15° కావాలంటే సంయుక్త కోణాల సూత్రమే దగ్గరి దారి. సైన్ (45° − 30°) = (1/√2)(√3/2) − (1/√2)(1/2) = (√6 − √2)/4. విలువ సుమారు 0.2588.

ఫిజిక్స్‌లో సైన్ 37° = 3/5 అంటారు. అది కూడా ఖచ్చితమైన విలువేనా?

కాదు, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. 3, 4, 5 త్రిభుజంలో చిన్న కోణం సుమారు 36.87°, రెండోది 53.13°. లెక్క తేలిగ్గా రావాలని ఫిజిక్స్‌లో వాటిని 37°, 53° అంటారు. అసలు సైన్ 37° సుమారు 0.6018. ఫిజిక్స్ పేపర్లో 3/5 వేయండి, ఏ ఇబ్బందీ లేదు. లెక్కల పేపర్లో వేయకండి.

18°, 36° ఎలా వస్తాయి?

18ని అయిదుసార్లు వేస్తే 90 అవుతుంది, అదే కిటుకు. రెండు 18లు 36°, మూడు 18లు 54°, ఇవి పూరక కోణాలు. కాబట్టి సైన్ 36° = కాస్ 54°. ఎడమవైపు రెట్టింపు కోణం సూత్రం, కుడివైపు మూడింతల కోణం సూత్రం వేసి, రెండువైపులా కాస్ 18° కొట్టేయండి. సైన్ 18°ను "స" అంటే 4స² + 2స − 1 = 0 మిగులుతుంది. ధనాత్మక మూలం (√5 − 1)/4. అదే సైన్ 18°. దాన్నుంచి కాస్ 36° = (√5 + 1)/4. మన రెండో భాస్కరాచార్యుడు 1150లో పూర్తిచేసిన సిద్ధాంత శిరోమణిలో 18°, 36°ల జ్యాలకు (సైన్‌కు మన పాత పేరు) √5తో సూత్రాలు ఇచ్చాడు.

అయితే ప్రతి కోణానికీ ఇలా వర్గమూలాలతో రాయొచ్చా?

లేదు. పూర్ణసంఖ్య డిగ్రీల్లో 3 గుణిజాలకే వర్గమూలాలతో పని అవుతుంది. 18 − 15 = 3 కాబట్టి 3° వస్తుంది, దాన్నుంచి 6, 9, 12 అలా. 1°, 10°, 20°లకు రాదు. కాస్ 20° కావాలంటే మూడింతల కోణం సూత్రం ఘన సమీకరణం ఇస్తుంది, అది వర్గమూలాలకు లొంగదు. స్కేలు, వృత్తలేఖినితో 60°ని మూడు సమభాగాలు చేయలేకపోవడానికి కారణమూ ఇదే. ఫ్రెంచ్ గణితజ్ఞుడు వాంజెల్ 1837లో దాన్ని నిరూపించాడు.

విడివిడిగా రాయలేనివి కలిస్తే మాత్రం ఒక్కోసారి శుభ్రమైన జవాబు వస్తుంది. సైన్ 10° × సైన్ 50° × సైన్ 70° = 1/8.

ఈ విలువలు మొదట ఎవరు లెక్కపెట్టారు? ఆర్యభటుడు అంటారు, నిజమేనా?

ఆయనకు ముందే గ్రీకులు వృత్తంలో పూర్తి జ్యా పొడవుల పట్టికలు కట్టారు. మనం ఇప్పుడు వాడే సగం జ్యాను, అంటే సైన్‌ను పట్టికగా ఇచ్చిన తొలినాటి గ్రంథాల్లో ఆర్యభటీయం ఒకటి. ఆర్యభటుడు 476లో పుట్టాడు, గ్రంథం 499 నాటిది. జ్యా అంటే అల్లెతాడు. వృత్తం చాపం విల్లు అయితే దాని రెండు కొసలు కలిపే గీత తాడు. ఆ మాట అరబ్బీలో జీబా అయి, తర్వాత జైబ్‌గా చదవబడి, లాటిన్‌లో సైనస్‌గా అనువాదమై, సైన్ పేరుతో మళ్లీ మన పుస్తకాల్లోకి వచ్చింది.

ఆ పట్టికను దగ్గరగా చూడాలి. వ్యాసార్ధం 3438 అనుకున్నాడు. వృత్తం చుట్టుకొలతను 21,600 కలలుగా, అంటే నిమిషాలుగా తీసుకుంటే వ్యాసార్ధం అంతే వస్తుంది. 90°ని 24 భాగాలు చేశాడు. ఒక్కో భాగం 3° 45′. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు జ్యా ఎంత పెరుగుతుందో ఆ తేడాలను అక్షరాల్లో రాశాడు: మఖి, భఖి, ఫఖి, ధఖి, ణఖి, ఞఖి, ఙఖి… తెలుగు అక్షరమాల వచ్చినవాళ్లెవరైనా దీన్ని విప్పొచ్చు. క నుంచి మ వరకు 1 నుంచి 25. గుడి పెడితే నూరురెట్లు. మ అంటే 25, ఖి అంటే 200, కాబట్టి మఖి 225. భ 24, కాబట్టి భఖి 224. అలా 222, 219, 215, 210, 205, ఎనిమిదోది 199.

30° అంటే ఎనిమిది మెట్లు. ఈ ఎనిమిదింటినీ కూడండి. 1719 వస్తుంది, 3438లో సరిగ్గా సగం. మన మూలమట్టం చెప్పిన 1/2 అదే. పన్నెండు మెట్లు కూడితే 45° దగ్గర 2431, అది 3438ని √2తో భాగిస్తే వచ్చేదే.

పరీక్షలో ఒక్కసారిగా అన్నీ మర్చిపోతే?

నాకు పదో తరగతిలో అలాగే అయింది. అంతకుముందు పట్టిక యాభై సార్లు రాయించారు. అయినా ప్రశ్నపత్రం చేతికొచ్చాక సైన్ 60, కాస్ 60లో ఏది సగమో తేలలేదు. టెన్షన్‌లో చేతులు చల్లబడ్డాయి. చివరికి రఫ్ పేజీలో సమబాహు త్రిభుజం గీసి మధ్యకు చీల్చాక కళ్లముందే జవాబు కనబడింది. అప్పటినుంచి నా విద్యార్థులకు చెప్పేది ఒక్కటే పని: పేపర్ ఇవ్వగానే రఫ్ పేజీ మూలన రెండు త్రిభుజాలు, ఒక వృత్తం గీసుకోండి. ఒకదాని మీద 1, √3, 2. ఇంకోదాని మీద 1, 1, √2. ముప్పై సెకన్లు పడుతుంది.

ఇంకో చిన్న సరిచూపు కూడా ఉంది. 60° నిటారుకు దగ్గర, కాబట్టి దాని సైన్ పెద్దది, అంటే √3/2.

ఇంట్లో చేసి చూడటానికి కొన్ని ఇస్తారా?

ముందు మీరు చేసి తర్వాత జవాబులు చూడండి. సైన్ 150° + కాస్ 240°. ట్యాన్ 315°. సైన్ 60° కాస్ 30° + కాస్ 60° సైన్ 30°. కాస్ 7పై/4. కాస్ 36° − సైన్ 18°.

జవాబులు వరసగా: 0, −1, 1, 1/√2, 1/2. మూడోది 1 ఎందుకు వచ్చిందో సంయుక్త కోణాల పాఠంలో తెలుస్తుంది, అది సైన్ 90°. అయిదోదానిలో √5లు రెండూ కొట్టుకుపోయాయి, చూశారా.